వీగిపోయిన సవరణ

మా ఊరి ఉద్యోగుల సహకార పరపతి సంఘం సర్వసభ్య సమావేశాల్లో మామూలుగా ఎవరూ లేచి మాట్లాడరు. జమాఖర్చులు చదువుతారు, డివిడెండు ప్రకటిస్తారు, ఆ ఏటి కానుకగా ఇచ్చే స్టీలు డబ్బానో చేతిసంచినో పుచ్చుకుని, భోంచేసి ఇళ్లకు వెళ్తాం. కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో ఎజెండా చివర చిన్న బైలా సవరణ కనిపించింది. 'అనివార్య పరిస్థితుల్లో' సభ్యుల పొదుపు సొమ్ము వాపసు ఇవ్వడాన్ని నిలిపివేసే అధికారం పాలకవర్గానికి ఉండాలని దాని సారాంశం. ఏది అనివార్యమో, ఎంతకాలం నిలిపివేయవచ్చో అందులో లేదు.

నేను లేచి, దానికి ఒక వాక్యం కలపమన్నాను. మూడు నెలలకు మించి నిలిపివేయాలంటే మళ్లీ సర్వసభ్య సమావేశం ఆమోదం తీసుకోవాలి, అంతే. అప్పటికే వంటవాళ్లు విస్తళ్లు పరుస్తున్నారు. పులిహోర వాసన హాల్లోకి వచ్చేసింది. అధ్యక్షుడు మర్యాదస్తుడు, విసుక్కోలేదు. "మాస్టారి ఉద్దేశం మంచిదే. కానీ మా చేతులు కట్టేయకండి. అలాంటి అవసరమే వస్తే మూడు నెలల దాకా ఎందుకు, ముందే మిమ్మల్నందర్నీ పిలిచి చెబుతాం" అన్నారు. చేతులెత్తమన్నారు. నా వైపు లేచినవి వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. వెనక వరసలో ఎవరో, "ఓడిపోయేదానికి ఇంతసేపా మాస్టారూ" అన్నారు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను.

అప్పుడు లేచాడు ఒక పెద్దాయన. హైదరాబాదులో శాసనసభ సచివాలయంలో రిపోర్టరుగా పనిచేసి, రిటైరై మా వీధిలో స్థిరపడ్డ మనిషి. సభలో సభ్యులు మాట్లాడే ప్రతి మాటా షార్ట్‌హ్యాండులో రాసుకుని ప్రొసీడింగ్స్ తయారుచేసే ఉద్యోగం ఆయనది. "ప్రెసిడెంటుగారు ఇప్పుడు చెప్పిన జవాబు మినిట్స్‌లో రాయండి" అన్నాడు. సెక్రటరీ తల గోక్కున్నాడు. తీర్మానం నెగ్గిందని రాస్తే చాలు కదా అన్నాడు. పెద్దాయన కూర్చోలేదు. చివరికి సెక్రటరీ మినిట్స్ పుస్తకం తెరిచి, అధ్యక్షుడు అన్న మాటల్ని అలాగే రాసి, పైకి చదివి వినిపించాడు. అప్పుడు గానీ భోజనాలకు లేవలేదు.

నా సవరణ మాట ఎలా ఉన్నా, నన్ను చాలాకాలం వేధించింది ఈ రెండో ఘట్టం. ఓడిపోయినవాడి అభ్యంతరం నమోదు చేయమంటే అర్థం చేసుకోగలను. నెగ్గినవాడి జవాబును నమోదు చేయమని పట్టుబట్టడం ఎందుకు? ఇంటికి నడుస్తూ అడిగితే ఆయన, "ఇదంతా ఆ జవాబు కోసమే కదండీ" అని ఊరుకున్నాడు.

ఊరుకోలేకపోయింది నేను. ఆ రాత్రి నన్ను నేను అడుక్కున్న మొదటి ప్రశ్న ఇంకొకటి. అసలు నేను ఎందుకు లేచినట్టు? నెగ్గదని తెలుసు. సంఘం సొమ్ముకు ఏదో ముప్పు వచ్చిపడిందన్న భయమూ లేదు. ప్రతి సభలోనూ ఒక మనిషి ఉంటాడు, ఏదో ఒకటి మాట్లాడకపోతే ఆ పూట గడవదు. అతను లేవగానే మనం వాచీ చూసుకుంటాం. నేను అతనినయ్యానా? సభ కోసం లేచానా, నా గొంతు నేను వినడానికి లేచానా? ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో లేచినవాడికి తెలియడం కష్టం. మనలో చాలామందిమి ఈ సందేహానికి భయపడే నోరు మూసుకుని కూర్చుంటామేమో.

కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు నాకు కొత్త కాదు. పాఠానికి కావలసిన పేజీలే తిరగేసేవాణ్ని, అంటే నెగ్గినవాళ్ల ప్రసంగాలు. ఆ సమావేశం తర్వాత వాటిని మరో కంటితో చదవడం మొదలుపెట్టాను. ఓడిపోయినవాళ్లు ఏమన్నారు, వాళ్లకు ఎవరు ఏమని బదులిచ్చారు అని. ముసాయిదా రాజ్యాంగానికి 7,635 సవరణలు నోటీసుగా వచ్చాయి. వాటిలో 2,473 సభలో ప్రతిపాదనకు వచ్చాయి. సభ్యులు ప్రతిపాదించినవాటిలో ఎన్నో వీగిపోయాయి, ఎన్నింటినో వెనక్కి తీసుకున్నారు. ఓడిన ఒక్కో సవరణ కథ చివర ఒక్కటే ముగింపు వాక్యం: వీగిపోయింది. ఆ వాక్యం ఎక్కువసార్లు పడిన పేర్లలో హరి విష్ణు కామత్ పేరు ఒకటి.

కామత్ మంగళూరులో పుట్టారు. ఐ.సి.ఎస్. ఉద్యోగం వచ్చినా 1938లో దాన్ని వదిలేసి సుభాస్ చంద్రబోస్ వెంట నడిచారు. రాజ్యాంగ సభలో కాంగ్రెస్ వరసల్లో కూర్చున్నా ఆ వరసలకు లొంగలేదు. తర్వాత ప్రజా సోషలిస్టు పార్టీ తరఫున హోషంగాబాద్ నుంచి లోక్‌సభకు వచ్చి ప్రతిపక్ష బెంచీల్లో కూర్చున్నారు. అప్పటికే ఆయనకు ప్రతిపక్ష సభ్యుడి స్వభావం పూర్తిగా అబ్బి ఉంది. నిబంధనల పుస్తకం చేతిలో, పాయింట్ ఆఫ్ ఆర్డర్ నాలుక చివర. స్పీకరు రూలింగ్ ఇస్తే కూర్చోవడం, మరో నిబంధన కింద మళ్లీ లేవడం. అధికార పక్షానికి అలాంటి మనిషి ఎంత విసుగో ఊహించుకోవచ్చు.

1949 ఆగస్టు తొలివారంలో సభ అత్యవసర పరిస్థితి అధికరణల మీదికి వచ్చింది. యుద్ధం, విదేశీ దురాక్రమణ, లేదా 'అంతర్గత కల్లోలం' వల్ల దేశ భద్రతకు ముప్పు ఉందని రాష్ట్రపతి భావిస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించవచ్చు. ఈ మూడో మాట ఎంత వదులైనదో చూడండి. బజార్లో రెండు వర్గాలు కొట్టుకున్నా కల్లోలమే. కామత్ అడ్డు తగిలారు. ప్రజాస్వామ్య దేశాల రాజ్యాంగాల్లో ఇలాంటి అధ్యాయం తనకు కనబడలేదని, దగ్గర పోలిక జర్మనీ వైమార్ రాజ్యాంగంలో ఉందని, దాన్ని వాడుకునే హిట్లర్ ఆ రాజ్యాంగాన్ని కూల్చాడని గుర్తుచేశారు. అదే నెల 20న మరో అధికరణ వచ్చింది, ఇవాళ్టి 359. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారిని మూసేసే అధికారం అది. అది ఆమోదం పొందినప్పుడు, ఇది విచారించవలసిన, సిగ్గుపడవలసిన రోజని ఆయన వాపోయారు.

అవతలి పక్షం మాటల్లోనూ పస లేకపోలేదు. దేశం విభజన గాయాల్లో ఉంది. కాశ్మీరులో యుద్ధం అప్పుడే ఆగింది. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతూనే ఉంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, ముసాయిదా కమిటీలో ఉన్న న్యాయకోవిదుడు, ఈ అధికారాల్ని గట్టిగా సమర్థించారు. రాజ్యాంగం బతికి ఉండాలంటే ఇవి దానికి ఊపిరి లాంటివని ఆయన వాదన. ఆ రోజు సభలో ఉంటే నేను చెయ్యి ఎటు ఎత్తేవాణ్నో నిజంగా చెప్పలేను. సభ మాత్రం కమిటీ వైపే నిలిచింది.

ఈ కథ ఇక్కడి నుంచి మనందరికీ తెలుసు. 1975 జూన్ 25 రాత్రి, సరిగ్గా ఆ 'అంతర్గత కల్లోలం' పేరునే అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రధాని సలహా మీద రాష్ట్రపతి సంతకం చేశాక, మర్నాడు పొద్దున గానీ కేంద్ర మంత్రివర్గానికి విషయం చేరలేదు. రెండు రోజుల్లో 359వ అధికరణ కింద ఉత్తర్వు వెలువడి, జీవించే హక్కు కోసమైనా కోర్టు మెట్లెక్కే దారి మూసుకుపోయింది. 1976 ఏప్రిల్ 28న ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

తర్వాత ఎన్నికలు, ప్రభుత్వం మార్పు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 'అంతర్గత కల్లోలం' పోయి ఆ చోట 'సాయుధ తిరుగుబాటు' అన్న బిగువైన మాట కూర్చుంది. మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ప్రకటన చేయాలి. నెలలోపు పార్లమెంటు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదించాలి. 20, 21 అధికరణల హక్కులకు కోర్టు తలుపు ఎప్పుడూ మూయకూడదు. మన నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతిగా 1979 ఏప్రిల్‌లో దానికి ఆమోదముద్ర వేశారు. ఆ ఆరో లోక్‌సభలో హోషంగాబాద్ సభ్యుడి పేరు హరి విష్ణు కామత్. ముప్పై ఏళ్ల కిందట ఏ అధికరణల దగ్గర ఓడిపోయారో, వాటి కోరలు పీకే సవరణ వచ్చేనాటికి ఆయన సభలోనే ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. పెద్దాయన మాటకు జవాబు దొరికిందనుకున్నాను. ఓడినవాడిని కాలం గెలిపిస్తుంది, అందుకే సవరణలు పెట్టాలి, అందుకే రికార్డు. క్లాసులో పిల్లలకు అలాగే చెప్పాను కూడా. బాగా పండిన పాఠమది, పిల్లలు శ్రద్ధగా విన్నారు. అంత నున్నగా కుదిరిన కథ మీద మెల్లగా నాకే అనుమానం మొదలైంది.

ఎందుకంటే అదే సంపుటాల్లో అదే కామత్ మరో చోట కనిపిస్తారు. 1949 అక్టోబరు 17న, రాజ్యాంగ ప్రవేశిక మీద చర్చ. 'భగవంతుని పేరిట' అన్న మాటలతో ప్రవేశిక మొదలవ్వాలని ఆయన సవరణ పెట్టారు. భగవంతుడు ఎందుకు, దేవి పేరిట అనకూడదా అని అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి అడిగారు. ఎవరి విశ్వాసం వారిది, రాజ్యాంగం దాన్ని ఒకరి మీద రుద్దకూడదని హృదయనాథ్ కుంజ్రూ అభ్యంతరం చెప్పారు. దేవుణ్ని ఓటుకు పెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. కామత్ వినలేదు, డివిజన్ కావాలన్నారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది. కాలం ఆయన్ను ఈ విషయంలో గెలిపించలేదు. వీగిపోవడమే మేలయిందని మనలో చాలామంది అనుకుంటాం.

మనిషి ఒకడే, పట్టుదల ఒకటే, సభ ఒకటే. ఒక సవరణ ముందుచూపుగా కనబడుతోంది, మరొకటి మొండిపట్టుగా. లేచి నిలబడ్డ క్షణంలో ఆయనకు ఏది ఏదో తెలిసే అవకాశం లేదు. రెండుసార్లూ అంతే నమ్మకంతో మాట్లాడారు. కాలం గెలిపించడమే విలువకు గుర్తయితే, వీగిపోయిన వేల సవరణల్లో అలా గెలిచినవి ఎన్ని? మిగిలినవాటి మీద సభ వెచ్చించిన గంటలన్నీ వృథాయేనా? ఇంకో సంగతీ ఉంది. 44వ సవరణ వచ్చింది కామత్ 1949 ప్రసంగాన్ని ఎవరో చదివి కళ్లు తెరిచినందుకు కాదు. వేలమంది జైళ్లలో మగ్గినందుకు వచ్చింది. ఆ సవరణ చేసినవాళ్లలో చాలామంది స్వయంగా ఆ జైళ్ల నుంచి వచ్చినవాళ్లు.

నా సొంత విషయానికి వస్తే ఈ లెక్క మరీ ఖాళీ. మా సంఘం ఆ అధికారాన్ని ఇంతవరకూ ఒక్కసారి కూడా వాడలేదు. పొదుపు సొమ్ము అడిగినవాళ్లకు అడిగినట్టు ఇస్తూనే ఉన్నారు. నా భయాన్ని నిజం చేసే సందర్భం రాలేదు, రావాలని నేను కోరుకోవడమూ లేదు. కాలం చేత గెలిపించుకోవడమే గీటురాయి అయితే, నేను ఆ రోజు లేవడం పులిహోర చల్లారడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

ఇదంతా ఒక సాయంత్రం పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన కామత్ గురించి ఏమీ అనలేదు, తన ఉద్యోగం గురించి చెప్పాడు. సభ మధ్యలో, స్పీకరు వేదిక కింద, రిపోర్టర్ల బల్ల ఉంటుంది. వంతులవారీగా వచ్చి కూర్చుంటారు. తన వంతు అయిపోగానే లేచి వెళ్లి, రాసుకున్నది చదవగలిగేలా టైపు చేసి పంపాలి. సభ్యులు తమ ప్రసంగం ప్రతిలో దొర్లిన తప్పులు దిద్దుకోవచ్చు గానీ భావం మార్చడానికి వీల్లేదు. "గొడవ చేసేవాళ్లు గ్యాలరీ వైపు చూసి మాట్లాడతారండీ. పని తెలిసినవాళ్లు ఓడిపోతామని తెలిసినప్పుడు మా బల్ల వైపు చూసి, నెమ్మదిగా, విడమర్చి మాట్లాడతారు. ఆ తర్వాత మంత్రి లేస్తాడు. అప్పుడు మా పెన్సిల్ మరీ జాగ్రత్త. సభ్యుడు తన అభిప్రాయం చెప్పాడు, అంతే. మంత్రి మాట ఇస్తున్నాడు. మాట ఇచ్చినప్పుడు ఒక్క అక్షరం జారినా మా ఉద్యోగం మీదికొస్తుంది."

ఆ తర్వాత నేను సంపుటాల్ని మూడోసారి తెరిచాను. ఈసారి కామత్ ఏమన్నారో పక్కన పెట్టి, ఆయన లాంటివాళ్లు అడిగినందువల్ల ఎదుటివాళ్ల నోటి నుంచి ఏం వచ్చిందో వెతికాను. అత్యవసర అధికరణలతో పాటే, రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పించి కేంద్రం పాలన చేపట్టే అధికరణ కూడా ఆ ఆగస్టులోనే చర్చకు వచ్చింది. అదే ఇవాళ్టి 356. కామత్, కుంజ్రూ, షిబ్బన్‌లాల్ సక్సేనా మొదలైనవాళ్లు దాన్ని ఉతికి ఆరేశారు. రాజకీయ అవసరాలకు వాడుకుంటారని హెచ్చరించారు. ఆగస్టు 4న అంబేద్కర్ జవాబివ్వడానికి లేచారు. దుర్వినియోగానికి అవకాశం లేదని తాను అనడం లేదని ఒప్పుకున్నారు. ఈ అధికరణలు వాడే అవసరమే రాకూడదని, మృతాక్షరాలుగా మిగిలిపోవాలని తన ఆశ అన్నారు. ఒకవేళ వాడవలసి వచ్చినా ముందు ఆ రాష్ట్రానికి హెచ్చరిక ఇవ్వడం లాంటి జాగ్రత్తలు రాష్ట్రపతి తీసుకుంటారని ఆశిస్తున్నానన్నారు. అభ్యంతరాలు పక్కకు వెళ్లాయి, అధికరణ నెగ్గింది.

మృతాక్షరం కావలసిన ఆ అధికరణ తెలుగువాళ్ల ఇంటికీ వచ్చింది. 1954 నవంబరులో కర్నూలు సభలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో పడిపోయాక ఆంధ్రరాష్ట్రంలో, జై ఆంధ్ర ఉద్యమం వేడిలో 1973లో, రాష్ట్ర విభజన ముంగిట 2014లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన నడిచింది. దేశం మొత్తం మీద వందసార్లకు పైగానే దాన్ని వాడారు. కామత్ భయపడింది జరిగింది. అయితే అసలు విషయం అక్కడ లేదు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ అధికరణకు హద్దులు గీసినప్పుడు, అంబేద్కర్ నాడు వెలిబుచ్చిన ఆ ఆశను గుర్తుచేసుకుంది. ప్రభుత్వానికి బలం ఉందో లేదో గవర్నరు గదిలో కాదు, సభలోనే తేలాలని చెప్పింది. రాష్ట్రపతి ప్రకటనను కోర్టులు సమీక్షించవచ్చని చెప్పింది. న్యాయమూర్తులకు అక్కరకొచ్చింది ఓడిపోయినవాళ్ల భయం కాదు, నెగ్గినాయన ఇచ్చిన జవాబు. ఆ జవాబు పుట్టింది మాత్రం ఓడిపోయినవాళ్లు అడిగినందుకే.

పెద్దాయన పట్టుదల నాకు అప్పుడు అర్థమైంది. సవరణ నెగ్గుతుందా లేదా అన్నది సభ్యుల సంఖ్య ముందే తేల్చేసి ఉంటుంది. తెలియనిది ఒక్కటే, అధికారంలో ఉన్నవాళ్లు ఎందుకు కాదంటున్నారో. వాళ్లకు బలం ఉంది కాబట్టి కారణం చెప్పవలసిన అగత్యం వాళ్లకు లేదు. ఎవరో ఒకరు లేచి, మాటల్లో పెట్టి, కాగితం మీద ఇచ్చి అడిగితేనే ఆ అగత్యం పుడుతుంది. చెప్పిన కారణం చెప్పినవాళ్లను కట్టేస్తుంది. 'భగవంతుని పేరిట' సవరణ విషయంలోనూ జరిగింది ఇదే. కామత్ అడిగారు కాబట్టే, మన ప్రవేశికలో దేవుడి పేరు ఎందుకు లేదో కుంజ్రూ నోటి నుంచి స్పష్టంగా రికార్డుకెక్కింది. కామత్ అభిప్రాయం తప్పయినా అడగడం వ్యర్థం కాలేదు. వీగిపోయిన సవరణకు ఈ విలువ కాలం ఇచ్చేది కాదు. అడిగిన పూటే, జవాబు వచ్చిన క్షణానే వచ్చేసింది.

ఈ సంగతి అంబేద్కర్‌కే అందరికంటే బాగా తెలుసు. 1949 నవంబరు 25న, పని ముగిసే ముందు చేసిన ప్రసంగంలో ఆయన సభలోని తిరుగుబాటుదారులను పేరుపేరునా తలచుకున్నారు. కామత్, పి.ఎస్. దేశ్‌ముఖ్, సిధ్వా, సక్సేనా, ఠాకూర్ దాస్ భార్గవ, కె.టి. షా, కుంజ్రూ. వాళ్ల సూచనలు తాను ఒప్పుకోనంత మాత్రాన వాటి విలువ తగ్గదన్నారు. వాళ్లు లేకపోతే రాజ్యాంగం వెనక ఉన్న సూత్రాలను విడమర్చి చెప్పే అవకాశం తనకు దొరికేది కాదని, యాంత్రికంగా అధికరణలు ఆమోదించుకుంటూ పోవడం కంటే అదే ముఖ్యమని కృతజ్ఞత చెప్పారు. గెలిచిన మనిషి ఓడినవాళ్లకు చెప్పిన ఈ కృతజ్ఞతను నేను ఏళ్ల తరబడి మర్యాద వాక్యంగానే చదివాను. ఇప్పుడది పని తెలిసినవాడు పని గురించి చెప్పిన మాటలా వినిపిస్తోంది.

ఈ కంటితో చూస్తే పార్లమెంటు నిబంధనల పుస్తకంలో చాలా భాగం జవాబు రాబట్టే ఉపాయాలుగానే కనబడుతుంది. లోక్‌సభలో ఉదయం పదకొండు గంటలకు ప్రశ్నోత్తరాల సమయం. చుక్క గుర్తు ప్రశ్నకు మంత్రి సభలోనే నోటితో జవాబివ్వాలి, ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అసలు ప్రశ్న కంటే అనుబంధ ప్రశ్నకే మంత్రులు ఎక్కువ జంకుతారు, రాసుకొచ్చిన కాగితంలో దాని జవాబు ఉండదు గనుక. సావధాన తీర్మానం, అరగంట చర్చ, ఆర్డినెన్సును నిరాకరిస్తూ పెట్టే తీర్మానం, పద్దుల మీద కోత తీర్మానం, వీటిలో ప్రతిపక్షం నెగ్గేవి దాదాపు ఉండవు. అయినా వీటన్నిటిలో మంత్రి లేచి ఏదో ఒకటి చెప్పక తప్పదు.

అవిశ్వాస తీర్మానమూ అంతే. 1963 ఆగస్టులో లోక్‌సభలో మొట్టమొదటిసారి జె.బి. కృపలానీ దాన్ని పెట్టారు. అనుకూలం 62, వ్యతిరేకం 347. ఆ ఓట్ల లెక్క ఇప్పుడెవరికి గుర్తుంది? దేశంలో కోట్లాదిమంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని రామ్‌మనోహర్ లోహియా అన్నారు, కాదు పదిహేనణాలని నెహ్రూ బదులిచ్చారు. పేదవాడి రోజువారీ ఆదాయం ఎంత అన్న లెక్క దేశం ముందుకు రావడం గుర్తుంది. తీర్మానం ఓడింది, లెక్క నిలిచింది.

44వ సవరణ చేసినవాళ్లు ఈ గుణపాఠాన్ని రాజ్యాంగంలోకే ఎక్కించారు. లోక్‌సభ సమావేశంలో లేకపోయినా, పదోవంతు సభ్యులు రాతపూర్వకంగా నోటీసిస్తే, అత్యవసర పరిస్థితిని కొనసాగించాలా వద్దా అని తేల్చడానికి పద్నాలుగు రోజుల్లో ప్రత్యేకంగా సభను పిలవాలి. పదోవంతు మందితో తీర్మానం నెగ్గదు. వాళ్లకు ఆ హక్కు ఇచ్చింది నెగ్గడానికి కాదు, దేశం ముందు జవాబు అడగడానికి.

ఇంత తెలిశాక నా మొదటి సందేహం తీరిందా? సగమే తీరింది. గొంతు వినిపించుకోవడానికి లేచేవాడికీ జవాబు కోసం లేచేవాడికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు కొంత చూపించగలను. మొదటివాడు తన మాట అయిపోగానే కూర్చుని చుట్టూ చూస్తాడు. రెండోవాడు ఎదుటివాడు లేచేదాకా ఆగి, వింటాడు. మొదటివాడికి వాకౌట్ సుఖం. రెండోవాడికి అది నష్టం, జవాబు చెప్పేవేళకు తాను బయట ఉంటాడు కాబట్టి. నిరసనకు దాని బలం దానికుంది, దాన్ని తీసిపారేయను. మాట్లాడనివ్వని సభలో మరో దారి ఉండదు కూడా. కానీ అటువైపు అరుపుల్లో, ఇటువైపు హడావుడిలో బిల్లు మూజువాణి ఓటుతో నిమిషాల్లో దాటిపోయినప్పుడు, ఎవరు ఓడారన్న దానికంటే ఎవరూ కారణం చెప్పలేదన్నదే నన్ను ఎక్కువ కలతపెడుతుంది. రేపు అదే చట్టం మీద తగువొస్తే, దాన్ని ఏ ఉద్దేశంతో తెచ్చారో వెతుక్కోవడానికి ఆ పేజీల్లో కేకలు తప్ప ఏమీ ఉండవు.

మిగిలిన సగం సందేహం లేచినప్పుడల్లా మోసుకెళ్లవలసిందేనేమో. కామత్ కూడా మోశారో లేదో ఆ పేజీల్లో కనబడదు. ఆయన సిద్ధపడి వచ్చేవారని, సవరణ రాసి ఇచ్చేవారని, రూలింగ్ వస్తే కూర్చునేవారని మాత్రం కనబడుతుంది. సందేహం ఉన్నవాడు చేయగలిగిన పని బహుశా అదే. తన ఉద్దేశాన్ని నిరూపించుకోలేడు గనుక, తన ప్రశ్ననైనా శుభ్రంగా రాసుకు రావాలి.

అయితే రికార్డు మీద మరీ భరోసా పెట్టుకోవడం కూడా పొరపాటే అనిపిస్తుంది. 1975 జూన్‌లో రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు దేశంలోని పెద్ద లైబ్రరీల్లో ఉన్నాయి. కామత్ హెచ్చరికా అందులో ఉంది, ఆయనకు ఇచ్చిన జవాబులూ ఉన్నాయి. అవి ఉన్నందువల్ల ఒక్క అరెస్టూ ఆగలేదు. ఇచ్చిన మాట తనంతట తాను లేచి వచ్చి నిలదీయదు. ఎవరో దాన్ని వెతికి, చదివి, ఇదిగో మీరు ఆనాడు ఇలా అన్నారు అని ముందుపెట్టాలి. బొమ్మై కేసులో లాయర్లూ న్యాయమూర్తులూ ఆ పని చేశారు. మన ఊరి పంచాయతీలో, మన సంఘంలో, మనం ఓటేసి పంపిన సభల్లో ఆ పని చేయవలసింది మనమే. మన నియోజకవర్గం సభ్యుడు ఎన్నిసార్లు గొంతు పెంచాడో మనకు తెలుసు. ఆయన అడిగినదానికి మంత్రి ఏం జవాబిచ్చారో మనలో ఎంతమందిమి వెతికి చదివాం? ప్రతిపక్ష సభ్యుడు జవాబు రాబట్టి రికార్డులో పెట్టించడం వరకే చేయగలడు. దాన్ని చదివి అడగవలసింది మనం.